తూర్పుకి పొంగిన పాలు

మా బడిలో పిల్లలు ఫోన్లలో ఆటలు ఆడుతూ దొరికితే అందరికంటే ముందు తిట్టేది నేనే. ఎనిమిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. ఒకసారి ఒకమ్మాయి బ్యాగులో ఫోను దొరికితే వాళ్ళ అమ్మను పిలిపించాను. ఆవిడ ఆ పూట కూలిపని మానుకుని వచ్చింది. ఆవిడను నిలబెట్టి, ఈ ఆటల పిచ్చి ఒకసారి పట్టుకుంటే వదలదమ్మా, పిల్ల చేతికి అందకుండా పోతుంది అని అరగంట చెప్పాను. ఆవిడ చేతులు కట్టుకుని అంతా విని, దండం పెట్టి వెళ్ళింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా నేను లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. నాకప్పటికి నలభై రెండేళ్ళు.

నా ఆట వేరులే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. తుపాకులతో కాల్చుకునే రకం కాదు. అదొక లోకం. మంచుకొండలు, అడవులు, పాడుబడ్డ కోటలు, రెక్కలున్న పాములు, మంత్రగాళ్ళు. ఎక్కడెక్కడి మనుషులో ఇంటర్నెట్‌లో ఒకేసారి అందులోకి వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టి తిరుగుతారు. విజయనగరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి దసరా సెలవుల్లో దాన్ని తన పాత లాప్‌టాప్‌లో ఎక్కించింది. ఇలాంటి ఆటలకి కొన్నింటికి నెలనెలా చందా కట్టాలట, దీనికి అదేమీ లేదమ్మా, ఊరికే వస్తుంది అని నాకు చూపించింది. సెలవులైపోయాక అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఆట నాకు మిగిలింది.

ఆ ఊరికే అన్న మాటతోనే ఇంట్లో అందరి నోళ్ళూ మూయించాను. మాది మేనరికం. మా నాన్న అక్క కొడుకునే చేసుకున్నాను కాబట్టి నా భర్త నాకు బావ, మా అత్త నాకు మేనత్త. బావ అరసవల్లి గుడి దగ్గర ఒక లాడ్జిలో మేనేజరు. ఎప్పుడైనా, ఎంతసేపే ఆ పెట్టె ముందు, అన్నాడో, విరుచుకుపడేదాన్ని. చీరలు అడిగానా, సినిమాలకి తిప్పమన్నానా, పైసా ఖర్చు లేని సరదా ఒక్కటి ఉంటే అది కూడా కళ్ళల్లో పడిందా అనేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన పాపం నోరు మూసుకుని లాడ్జికి పోయేవాడు.

ఆ ఆటలో నాది వైద్యురాలి వేషం. తెల్లటి బట్టలు, చేతిలో కర్ర. కర్ర ఎత్తితే పచ్చటి వెలుగు వస్తుంది, ఎదుటివాడి గాయం మానిపోతుంది. చచ్చినవాడిని కూడా లేపొచ్చు. మాది ఇరవైమంది జట్టు. కత్తి పట్టేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు గానీ వైద్యం చేసేవాళ్ళు దొరకరు. గెలిస్తే కత్తివాడి పేరు, ఓడితే వైద్యురాలి తప్పు, అందుకని. జట్టులో నాతో పాటు ఉన్న ఇంకో వైద్యుడు ఉద్యోగం వచ్చిందని మానేశాడు. జట్టు పెద్దగా ఉన్నతను గుంటూరు వైపు మనిషి. అక్కా, నువ్వు రాకపోతే మేమందరం పోతాం అన్నాడు. ఇయర్‌ఫోన్లలో ఆ మాట వినగానే నాకు గుండె నిండిపోయింది. ఈ ఇంట్లో పదిహేడేళ్ళుగా వండుతున్నాను, ఒక్కరైనా అలా అన్నారా అనుకున్నాను. అనకుండానే నా మీద ఆధారపడిన మనిషి ఒకావిడ పక్క గదిలోనే ఉంది. అది నాకు తట్టలేదు.

మా అత్తది పాతపట్నం దగ్గర పల్లె. వరి నాట్లు, కోతలు, పశువులు, అన్నీ చేసిన మనిషి. నన్ను చిన్నప్పుడు సంకన వేసుకుని పొలం గట్ల మీద తిప్పిందట. ఆమెకి కుడి కన్ను నీటికాసుల జబ్బుతో ఎప్పుడో పోయింది. మిగిలింది ఎడమ కన్ను. దానికి శుక్లం పట్టింది. శుక్లమే కాబట్టి ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ఎక్కువ ముదరనివ్వకండి అని శ్రీకాకుళంలో కంటి డాక్టరు చెప్పారు. అత్తకి మాత్రం భయం. ఉన్న ఒక్క కంటి మీద కత్తి పడితే, అదీ పోతే, ఇక బతుకంతా చీకటే కదా అని. అందుకని ఆపరేషన్‌కి ముందు సూర్యనారాయణ స్వామికి మొక్కుకుంది. మాఘమాసంలో మొదలుపెట్టి ఏడు ఆదివారాలు, పిడకల మంట మీద ఎండ తగిలేచోట పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో ఆయనకి పెట్టి, ఆ తర్వాతే నోట్లో ఏదైనా వేసుకుంటానని. డాక్టరు కూడా సరేనని ఏడో ఆదివారం తర్వాతి బుధవారానికి తేదీ ఇచ్చారు.

మంట కనిపించని మనిషి మంట ఎలా వేస్తుంది? వండే చేతులు నావి. మా సందులో రెండు పక్కలా లాడ్జిలు లేచాక కింద ఎండ పడదు. అందుకని మేడ మీద మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేశాం. ఆవు పిడకలు పేర్చి, కర్పూరంతో అంటించి, ఇత్తడి గిన్నెలో పాలు పెట్టి, అవి పొంగి ఒలికాక బియ్యం, తర్వాత బెల్లం. పిడకల మంట మెల్లగా ఎక్కుతుంది, విసురుతూ కూర్చుంటే గంట పైన పడుతుంది. పాలు ఏ పక్కకి పొంగాయన్నది మా వైపు వాళ్ళకి పెద్ద పట్టింపు. తూర్పుకి పొంగితే తలపెట్టిన పని అవుతుందని. మొదటి మూడు ఆదివారాలు అత్తను చెయ్యి పట్టుకుని మేడ ఎక్కించాను. ఆమె తూర్పు మొహంగా కూర్చుని, పాలు చుర్రుమని ఒలికిన చప్పుడు వినగానే, ఎటుకేసి అని అడిగేది. మూడుసార్లూ తూర్పుకే పొంగాయి. దేవుడి మహిమ కాదులెండి, మా మేడ కొంచెం అటు వాలి ఉంటుంది.

అప్పుడే ఆటలో ఒక మార్పు వచ్చింది. వారానికొకసారి వచ్చే పెద్ద రాక్షసుడిని ఇరవైమందీ కలిసి కొట్టాలి. అంతకు ముందు అది ఆదివారం సాయంత్రం ఉండేది. జట్టులో ఎక్కువమంది వేరే దేశం వాళ్ళు కావడంతో, వాళ్ళ వీలు చూసుకుని మనకి ఉదయం ఎనిమిదిన్నరకి మార్చారు. నాలుగో ఆదివారం చీకటి ఉండగానే లేచి, పొయ్యి అంటించి, ఎలాగో ఎనిమిదింటికి ముగించాను. అత్తను ఆదరాబాదరాగా దింపుతుంటే మెట్టు మీద కాలు తడబడింది, పడలేదు. దాంతో నాకు ఒక మంచి సాకు దొరికింది. అత్తా, నీకు మెట్లు ప్రమాదం, వచ్చే వారం నుంచి నువ్వు కింద అరుగు మీదే కూర్చో, నేను వండి పట్టుకొస్తాను అన్నాను. కోడలికి ఎంత శ్రద్ధో అని పక్కింటావిడ మెచ్చుకుంది. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఐదో ఆదివారం బాగా మంచు కురిసింది. బావ తెల్లవారకముందే లాడ్జికి వెళ్ళిపోయాడు, ఆదివారం గుడికి వచ్చేవాళ్ళతో ఆయనకి ఊపిరాడదు. పిడకల బస్తా రాత్రి మేడ మీదే వదిలేశాను, అది నా బద్ధకం. పిడకలు చెమ్మగిల్లి ఎంతకీ అంటుకోలేదు. పొగ తప్ప మంట లేదు. విసిరి విసిరి చేతులు లాగాయి. ఎనిమిదీ పది అయింది. కింద అరుగు మీద అత్త పస్తుతో కూర్చుని ఉంది. లోపల లాప్‌టాప్‌లో పంతొమ్మిదిమంది నా కోసం చూస్తున్నారు.

నేను గిన్నె కిందికి పట్టుకొచ్చి గ్యాసు మీద పెట్టాను. వెనక మెట్ల మీద నుంచి దొంగలా వచ్చాను, ముందు అరుగు మీద ఉన్న అత్తకి అలికిడి తెలియకుండా. పాలు పొంగితే పొయ్యి పాడవుతుందని పొంగకముందే మంట తగ్గించి బియ్యం పోశాను. సిమ్‌లో పెట్టి లోపలికి వెళ్ళి చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. రాక్షసుడు చచ్చాడు. ఆ రోజు నేను ఎంతమందిని లేపానో నాకే తెలియదు. అక్కా, నువ్వు దేవతవి అన్నాడు జట్టు పెద్ద. వచ్చి చూస్తే పరమాన్నం గిన్నె అడుగున కొంచెం పట్టింది. బెల్లం వేసి కలిపి మళ్ళీ మేడ మీదకి తీసుకెళ్ళాను. ఆ తర్వాత చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. గిన్నె అడుగు శుభ్రంగా మెరుస్తోంది. అత్త కళ్ళతో చూడలేదు గానీ వేళ్ళతో తడుముతుంది. అందుకని పొయ్యిలోని బూడిద, మసి చేత్తో తీసి గిన్నె చుట్టూ పూశాను. చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి చూపించి, దండం పెట్టి, కిందికి తెచ్చాను. ఆయన పైనుంచి అంతా చూస్తూనే ఉన్నాడు.

అత్త రెండు చేతులా గిన్నె తడిమింది. వేళ్ళకి మసి అంటింది. మామూలుగా అడిగే మాటే అడిగింది.

"ఎటుకేసి పొంగినాయే?"

"తూర్పుకే అత్తా."

ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కాసేపు నమల్లేదు. తర్వాత మెల్లగా మొత్తం తిని, ఆకులు మడిచి, బాగున్నాదమ్మా అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎంత తేలిగ్గా అయిపోయింది అనుకున్నాను. ఆరో ఆదివారం పిడకలు ఎండిపోయి ఉన్నా గ్యాసు మీదే వండాను. మసి మాత్రం మర్చిపోకుండా పూశాను. ఎటుకేసి అంటే తూర్పుకి అన్నాను. రెండోసారి గుండె కూడా కొట్టుకోలేదు.

ఏడో ఆదివారం ఆటలో ఏవో మరమ్మతులని పొద్దున్న మూసేశారు. వేరే పని లేక పిడకల మీద వండాను. చెప్పుకోవడానికి ఇంకే గొప్ప కారణమూ లేదు. ఆ రోజు అత్త ముద్ద నోట్లో పెట్టుకోగానే తల ఊపడం చూశాను గానీ దాని అర్థం ఆలోచించలేదు.

ఆ మర్నాడు బావ ఆపరేషన్‌కి కావలసిన కాగితాలు సర్దుతుంటే అత్త వద్దంది. ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయంది. బావ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఏడూ అయిపోయాయి కదమ్మా అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. ఐదే అయ్యాయి, మధ్యలో నేనే లెక్క తప్పాను, ముసిలిదాన్ని, నాకు మతి ఉందేటి అంది. బావకి ఎప్పుడూ రాని కోపం వచ్చింది. ఎంత బతిమాలి తీసుకున్న తేదీ, ఇది పోతే మళ్ళీ ఎప్పుడిస్తారో, డాక్టరు ముదరనివ్వొద్దన్నారు, మొక్కులని మొండికేసి ఉన్న కన్ను పోగొట్టుకుంటావు అని అరిచాడు. నీకు కళ్ళే కాదు, బుర్ర కూడా పోయింది అన్నాడు. అత్త తల దించుకుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, పోతే పోనాదిలేరా, రెండు వారాలే కదా అంది.

నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. రెండు అంది. ఒకటి కాదు, మూడు కాదు. అప్పుడు ఒక్క మాట అంటే చాలు, లెక్క తప్పింది అత్త కాదు, తప్పు చేసింది నేను అని. నోరు తెరవలేదు. పైగా బావ నా వైపు తిరిగి నువ్వైనా చెప్పవే అంటే, పెద్దావిడ ఇష్టం, ఏం చేస్తాం అన్నాను. ఆ మాట అన్నది నేనేనని తలచుకుంటే ఇవాళ్టికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

తేదీ పోయింది. మళ్ళీ నెల రోజులకి గానీ దొరకలేదు. ఆ మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం అత్త వరండా స్తంభానికి కొట్టుకుని నుదురు చిట్లింది. నేను బడి నుంచి వచ్చేసరికి కొంగు అదిమి పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కింటావిడ అడిగితే నేనే సూసుకోనేదు అని చెప్పింది. నేను దూదితో తుడిచి మందు రాశాను. ఆటలో కర్ర ఎత్తితే ఇంతకంటే పెద్ద గాయాలు కళ్ళముందే మానిపోయేవి. ఇది మానడానికి పది రోజులు పట్టింది, మచ్చ మిగిలింది.

ఎనిమిదో ఆదివారం అత్తను చెయ్యి పట్టుకుని మేడ ఎక్కించాను. ఒక్కో మెట్టు చెబుతూ, ఒక్కో మెట్టు మీద ఆగుతూ. జట్టుకి రానని ముందే చెప్పేశాను. కింద సందులో ఆటోల హారన్లు, గుడికి వచ్చినవాళ్ళ కేకలు. పిడకలు బాగా అంటుకున్నాయి. ఆ పొగ కళ్ళల్లోకి వస్తుంటే ఏడ్చినా తేడా తెలియదు కాబట్టి కాసేపు ఏడ్చాను. పాలు అంచు దాకా వచ్చి, ఒక్కసారి లేచి, పొయ్యి ఇటుక ఒకటి అటు కుంగిందో ఏమో, పడమటి పక్కకి ఒలికాయి. చుర్రుమని చప్పుడు. అత్త మొహం ఇటు తిప్పింది.

"ఎటుకేసి?"

తూర్పు అన్న మాట నాలుక చివరకి వచ్చేసింది. అలవాటైపోయిన మాట కదా. మింగేశాను.

"పడమటికి అత్తా."

ఆమె నవ్వింది. "పోనీలే, ఈసారి నిజం సెప్పినావు."

నేను విసనకర్ర కింద పడేసి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అత్తా, ఆ రెండు వారాలు నేను, అని మొదలుపెట్టాను. ముగించనివ్వలేదు.

"తెలుసునే. పొగ వాసన నేని పరమాన్నం నాకు తెలదేటి? కన్నే పోనాది గానీ నాలుక పోనేదు."

మరి బావకి ఎందుకు చెప్పలేదని అడిగాను. నిన్ను తిట్టనిచ్చి నేను నోరు మూసుకున్నానే, ఎలా ఊరుకున్నావు అని అడిగాను.

"నన్నంటే నాకేటే, నా కొడుకే కదా. నిన్నంటే నువ్వు పడలేవు, నీ కోపం నాకు తెలదా. ఇద్దరూ పది రోజులు మాటాడుకోరు, మజ్జిన నాకు కూడెవులు పెడతారు?" అంది. అలా నవ్వులాటగా అనేసి, గిన్నె మాడిపోతాది సూడు అంది. నేను లేచి బియ్యం పోశాను. తొమ్మిదో ఆదివారం కూడా మేడ ఎక్కాం. ఆ వారం పాలు ఎటు పొంగాయో అత్త అడగనే లేదు.

బావకి ఆ రోజే చెబుదామనుకున్నాను. చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను. ఇది చదివితే తెలుస్తుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక అత్త మొదట తన చేతులు చూసుకుంది, తర్వాత బావని చూసి, ఇంత జుత్తు ఊడిపోనాదేట్రా అంది. నన్ను చూసి బుగ్గ నిమిరింది. మందులు, చుక్కలు, నల్ల కళ్ళజోడు, అన్నీ అయ్యేసరికి ఎండాకాలం వచ్చేసింది. మధ్యలో ఒకరోజు ఆట తెరిచి చూశాను. నేను రాని రెండో వారానికే జట్టు ఇంకో వైద్యురాలిని తెచ్చుకుంది. నా కంటే చురుకైనది. నేనెందుకు రాలేదని ఒక్కరూ అడగలేదు. జట్టు పెద్ద నన్ను చూసి, అక్కా, ప్రస్తుతానికి ఖాళీ లేదు, అవసరమైతే చెబుతాం అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం మొక్కు లేకపోయినా అత్తకి పిడకల మీద పరమాన్నం తినాలనిపించింది. తనే మెట్లెక్కింది, నా చెయ్యి పట్టుకోకుండా. తనే పిడకలు పేర్చింది. నేను బియ్యం కడిగి ఇచ్చి పక్కన నిలబడ్డాను. ఆమె గోడ మీది నుంచి వాలిన ఎండ చూసి, టైమెంత అయిందని అడిగింది. ఎనిమిదీ పావు అన్నాను.

"మరి నువ్వెల్లవేటి నీ ఆటకి? ఎనిమిదిన్నరకి కదా. నువ్వు నేకపోతే ఆళ్ళందరూ పోతారని ఓసారి ఫోనులో ఎవులికో సెప్పినావు, ఇన్నాను. ఎల్లవే, పాపం. నాకు కనిపిస్తన్నాది కదా ఇప్పుడు, పొయ్యి నేను సూసుకుంటాను."

ఆమెకి అంతా తెలుసు. టైము కూడా తెలుసు. ఆ రెండు ఆదివారాలు అరుగు మీద పస్తుతో కూర్చుని, లోపల నేను ఏ పనిలో ఉన్నానో తెలిసి కూర్చుంది. వాళ్ళకి ఇప్పుడు నాతో పని లేదత్తా అని చెప్పాలి.

"ఈ వారం ఆట లేదత్తా" అన్నాను.

అత్త విసరడం ఆపి నా మొహంలోకి చూసింది. ఆ ఒక్క కంటికి ఇప్పుడు అన్నీ బాగా కనిపిస్తున్నాయి. నేను పొయ్యి దగ్గర కూర్చుని, సరిగ్గానే ఉన్న పిడకలను మళ్ళీ సర్దడం మొదలుపెట్టాను.